సెంటు లెక్క

ముప్పై ప్రశ్నలూ అచ్చుకు ముందు నేనే రెండుసార్లు దిద్దాను. ఆ ఒక్క మాట దగ్గర నా కళ్ళు ఎందుకు ఆగలేదు? ఇన్నేళ్ళు ప్రూఫులు దిద్దుతూ పుస్తకాలతో బతికినవాడిని.

స్వరాజ్యం కళ్ళు ఆగాయి. జనగామ దిక్కున కలుపు తీస్తూ డిగ్రీ చదివి, పంజాగుట్టలోని మా పరీక్షల ఆఫీసులో మార్కులు కూడే పనికి చేరిన మనిషి. ఆ ఏడాది ఉచిత కోచింగు కోసం తెలంగాణ పల్లెల నుంచి నూట ఇరవై మంది పిల్లలొచ్చారు. లెక్కల పరీక్ష పెట్టాం. చూసి రాయకుండా ఎ, బి అని రెండు పేపర్లు, పక్కపక్క వాళ్ళకి మార్చి మార్చి ఇచ్చాం. ఇరవై వస్తేనే సీటు. సాయంత్రానికల్లా పిల్లలు దిగిన హాస్టల్లో జాబితా అంటించాలి. ఎ పేపరు సగటు ఇరవై ఒకటి. బి పేపరుది పంతొమ్మిది.

"బి వాళ్ళు కాస్త వీకండీ," అన్నారు ఆ పేపరు రాసిన బుచ్చిబాబు గారు. కోనసీమ మనిషి, లెక్కల్లో దిట్ట.

"వీకోళ్లందరు మాట్లాడుకొని సీటు ఇడిసి సీటు కూసున్నరా సార్?" అంది స్వరాజ్యం.

అన్నం డబ్బా మూత తియ్యకుండా ప్రశ్న ప్రశ్నకీ లెక్క తీసింది. ఇరవై ఏడింటిలో రెండు పేపర్లూ సమానం. మూడింటిలోనే బి కూలింది. మూడూ పొలం లెక్కలు. ఎ పేపర్లో పొలం కొలత గుంటల్లో, బి పేపర్లో సెంట్లలో.

"ఎకరానికి వంద సెంట్లని ఎవరికి తెలియదండీ? మీ నలభై గుంటల కన్నా సులువు!"

"మీ దిక్కు సులువే సార్. మా దిక్కు సెంటంటే పెండ్లిల కొట్టుకునేది."

ఒక జవాబు పత్రం ఆయన ముందు పెట్టింది. లెక్క పక్కన ఎవరో పిల్ల రాసింది: 'సీసా ఎంత పెద్దదో చెప్పలేదు సార్.'

ఆఫీసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "ఒక్క పిల్ల మాట చాలదండీ. నిరూపించండి."

"జర ఆగుండ్రి."

ఆ మూడు లెక్కల్నే అంకెలు మార్చి, గుంటల్లో రాసి, అమీర్‌పేట హాస్టల్లో ఉన్న బి పిల్లలందరి చేతా చేయించుకొచ్చింది. బుచ్చిబాబు గారే దిద్దారు. కూడారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కూడారు. పాత ఇరవై ఏడింటితో కలిపితే సగటు సరిగ్గా ఇరవై ఒకటి! పంతొమ్మిది మంది కొత్తగా గట్టెక్కారు.

ఆయన తన ప్రశ్నపత్రం మీద ఎర్ర పెన్నుతో పెద్ద సున్నా చుట్టి, జాబితా తిరగరాసి సంతకం పెట్టారు.

"ఓడిపోయానండీ స్వరాజ్యం గారూ! కాఫీ తెప్పిస్తాను..." అంటూ తలెత్తారు.

కుర్చీ ఖాళీ. బల్ల మీద జాబితా లేదు. కిటికీలోంచి చూశాం. కాగితాలు చంకన పెట్టుకుని, అమీర్‌పేట ఆటోలో అప్పటికే ఒక కాలు పెట్టింది.