కృపమ్మ గారి డాబా మీద జాయింటు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. నేను వైర్లతో బతికినవాణ్ణి. టీవీలో బొమ్మ పోయిందంటే ఏదో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఈ ఒక్క సంగతికి మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

మాది తణుకు వైపు. మా ఆవిడ లక్ష్మిది విశాఖ. పెళ్ళయ్యాక నేనూ అక్కడికే వచ్చేసి, ఆమె అన్న సూరితో కలిసి గాజువాకలో చిన్న రిపేరు షాపు పెట్టాను. ఎనభైల్లో మాట. అప్పుడప్పుడే ఊళ్ళోకి టీవీలు వస్తున్నాయి. డాబాల మీద యాంటెన్నాలు బిగించడమే మాకు అన్నం పెట్టేది.

బిగించడం పెద్ద పని కాదు. కేబులు జాయింటుని కాపాడటమే కష్టం. సముద్రం మీంచి ఉప్పు గాలి, పోర్టు నుంచి ఎర్ర దుమ్ము, ఆపైన వాన. జాయింటులోకి చుక్క నీరు దిగిందా, లోపలి రాగి అల్లిక దీపం ఒత్తిలా పీల్చేసుకుంటుంది. చిలుం పడుతుంది. తెర నిండా చీమలు పాకుతాయి. అందుకే పెంకులు నేసినట్టు కింది నుంచి పైకి, ఒక వరస మీద ఇంకోటి ఎక్కేలా టేపు చుట్టాలి.

నేను రబ్బరు టేపు వేసి, దాని మీద నల్ల టేపు చుట్టేవాణ్ణి. సూరి పాత సైకిల్ ట్యూబుని పట్టీలుగా కోసి లాగి కట్టేవాడు. పైగా అతనిది ఎడమచేతి వాటం. అతని చుట్టు నా చుట్టుకి ఎదురుగా తిరిగి ఉండేది. చూడగానే ఎవరి పనో చెప్పేయొచ్చు.

కంచరపాలెంలో రైలు పట్టాల దగ్గర కృపమ్మ గారని ఒక నర్సు ఒక్కరే ఉండేవారు. ఆవిడ డాబాకి మెట్లు లేవు. ఎక్కాలంటే నిచ్చెన పట్టుకెళ్ళాల్సిందే. అక్కడ యాంటెన్నా బిగించిందీ, జాయింటు కట్టిందీ నేనే.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆవిడ షాపు ముందు ఆగారు. "మీ బావగారికి థాంక్స్ చెప్పండి బాబూ. నిన్న వానకి బొమ్మ పోయింది. మీకు కబురు పెడదామనుకునేలోపే పైన అడుగుల చప్పుడైంది, బొమ్మ వచ్చేసింది. టీ ఇద్దామని బయటికొస్తే అప్పటికే వెళ్ళిపోయారు. మీరైతే పలకరించకుండా వెళ్ళరుగా."

సూరి నాకేం చెప్పలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. నా టేపు లేదు. దాని చోట సైకిల్ ట్యూబు, ఎదురు చుట్టు.

అడిగితే సూరి ఆశ్చర్యపోయాడు. "ఏటి బావా, నాను ఆ యింటి గుమ్మం కూడా తొక్కనేదు."

నేను నమ్మలేదు. ఒంటరి ఆడమనిషి ఇల్లు. వెళ్ళినవాడు వెళ్ళాననొచ్చు కదా, దాచడమెందుకు? నా మనసులోకి వచ్చిన ఆలోచన లక్ష్మితో చెప్పలేకపోయాను.

ఆ ట్యూబు కోసేసి మళ్ళీ నా పద్ధతిలో చుట్టాను. చుట్టేముందు జాయింటు మీదే లక్ష్మి గోళ్ళరంగు చుక్క ఒకటి పెట్టాను. తర్వాతి వానకి వెళ్ళి చూస్తే మళ్ళీ ట్యూబే. విప్పితే లోపల గోళ్ళరంగు చుక్క అలాగే ఉంది. అంటే జాయింటు నాదే, పైచుట్టు మాత్రం వేరే చెయ్యి.

అప్పట్నుంచి సూరి సైకిలెక్కితే ఎక్కడికని అడిగేవాణ్ణి. అతను వెళ్ళొచ్చిన చోట్లకి వెళ్ళి వాకబు చేసేవాణ్ణి. అది అతని చెవిన పడింది. షాపులో కటింగ్ ప్లేయరు నేలకేసి కొట్టాడు.

"నన్ను దొంగని సేసేత్తన్నావ్ బావా! నా సెల్లి మొగుడివని ఊరుకుంటన్నాను."

ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. మధ్యలో లక్ష్మి నలిగిపోయింది. చివరికి ఆమే అంది, "ఇద్దరూ కలిసి ఆ ఇంటికే వెళ్ళి తేల్చుకోండి."

ఒక ఆదివారం పొద్దున్న వెళ్ళాం. కృపమ్మ గారు టీవీ పెట్టారు. సూరిని కిందే ఉండమని నేను పైకెక్కి, ట్యూబు తీసేసి నా టేపు చుట్టి దిగాను. నిచ్చెన మా కళ్ళ ముందే నేల మీద పడుకోబెట్టాను. ముగ్గురం వరండాలో కూర్చున్నాం. తుంపర మొదలైంది. కృపమ్మ గారు టీ తెచ్చారు.

అప్పుడు పైన ఎవరో నడిచారు. తొందరేమీ లేకుండా, యాంటెన్నా పైపు వైపు.

కృపమ్మ గారి చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. లోపల తెర నిండా చీమలు. సూరి వీధిలోకి పరిగెత్తి "ఎవుడ్రా అది?" అని అరిచాడు. పలికినవాళ్ళు లేరు. కాసేపటికి బొమ్మ వచ్చింది, అద్దంలా.

నిచ్చెనేసి ఇద్దరం ఎక్కాం. పైన ఎవరూ లేరు. శ్లాబు మీద తడిసిన ఎర్ర దుమ్ములో ఇందాకటి నా చెప్పుల గుర్తులు తప్ప మరో అడుగు లేదు. జాయింటు మీద సైకిల్ ట్యూబు, ఎదురు చుట్టు. నా టేపు ఎక్కడా కనిపించలేదు.

"ఎవరండీ?" అని కింద నుంచి కృపమ్మ గారు అడుగుతూనే ఉన్నారు.

సూరి దాన్ని వేలితో నొక్కి చూశాడు. "నాను కడితే ఇంత బిగువు రాదు బావా," అన్నాడు మెల్లగా.

నా అనుమానం అక్కడితో పోయింది. దారిలో అతని చెయ్యి పట్టుకుని తప్పయిందన్నాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పైకి ఎల్లింది నువ్వొక్కడివే. నువ్వేటి కట్టావో నాను సూడనేదు."

"మరి ఆ అడుగులు?"

"పిల్లి నడిసుంటాది."

అన్ని రోజులూ నేను అతన్ని ఎలా చూశానో, అతను నన్ను అలాగే చూశాడు. తనని షాపులోంచి పంపించడానికి నేనే ఇదంతా ఆడించానని అతని లెక్క. వానలు తగ్గేలోపే విడిపోయి కూర్మన్నపాలెంలో వేరే షాపు పెట్టుకున్నాడు. కృపమ్మ గారికి ఎక్కడికో బదిలీ అయింది. ఆ డాబా నేను మళ్ళీ ఎక్కలేదు.

చాలా ఏళ్ళకి సూరి జబ్బుపడి ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్ళాను. లక్ష్మి మందులకని బయటికెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఇప్పుడైనా సెప్పు బావా. ఎలా సేసావ్?"

నేను చెయ్యలేదన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

అది ఎవరి చెయ్యో నాకు ఇవాళ్టికీ తెలీదు. తెలిసుంటే ఆ పూట అతనికి చెప్పేసేవాణ్ణి.