గుమ్మడికాయంత రుషికొండ

చేయని నేరానికి ఒక జాలరిని పన్నెండేళ్ళ పాటు ప్రతి జెండా పండుగకీ, ప్రతి పెద్దమనిషి రాకకీ పోలీసు స్టేషను వరండాలో కూర్చోబెట్టారు. కొట్టలేదు. కేసు పెట్టలేదు. కోర్టుకి తీసుకెళ్ళలేదు. కూర్చోబెట్టారు, అంతే. ఆ 'అంతే' అన్న మాట మీదే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొడితే దెబ్బ చూపించుకోవచ్చు, కేసు పెడితే కొట్టేయించుకోవచ్చు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక మనిషిని ఊరికే కూర్చోబెట్టినందుకు ఎవరికి ఏం చూపిస్తాం?

ఆ జాలరిని నేను బావా అనేవాణ్ణి. మాకు చుట్టరికం లేదు. మాది పొలం పని వదిలి పట్నం చేరిన కుటుంబం, వాళ్ళది తాతల నాటి నుంచీ విశాఖ ఒడ్డునే తెప్పల మీద బతికిన కుటుంబం. మా వైపు మగవాళ్ళు ఒకరినొకరు బావా అనుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు, ఒకే బడ్డీ దగ్గర నాలుగు రోజులు టీ తాగితే చాలు.

నా చదువు ఐదో తరగతితో ఆగింది. పోర్టులో ఇనుప ఖనిజం తెచ్చే వ్యాగన్ల మీద సుద్దతో నంబర్లు వేసే ఉద్యోగం నాది. మిగతా చదువు గ్రంథాలయం బల్ల మీద నాకు నేనే చెప్పుకున్నాను. రాజ్యాంగం, యుద్ధాల చరిత్రలు, భూగోళం, ఏది దొరికితే అది. రోజంతా నంబర్లు రాసిన చేతికి ఇంటికొచ్చాక కూడా ఊరుకోవడం తెలియదు. ఏది విన్నా రాసి పెట్టుకోవాలి. ఈ గొడవంతా ఆ దురదతోనే మొదలైంది.

యుద్ధానికి ముందు ఏడాది, ఒక ఆదివారం బావ ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నేను పక్కన చేరి అడిగాను.

"సముద్రం మీద దారీ డొంకా ఉండదు కదా. నిన్న చేప పడ్డ చోటికే ఇవాళ ఎలా వెళ్తావు బావా?"

"కొండలున్నాయి గదేటి," అన్నాడు.

ఆ ముక్క విప్పి చెప్పడానికి అతనికి ఒక పూట పట్టింది. నీళ్ళ అడుగున ఒక రాతి దిబ్బ ఉంది. దాని మీద గులివిందలనే చిన్న చేపలు మేస్తాయి, వాటి కోసం కోనాలనే పెద్ద చేపలు వస్తాయి. దిబ్బ పైకి కనిపించదు. తెప్ప మీద నిలబడి ఒడ్డు వైపు చూడాలి. హార్బరు పక్క కొండ మీది చర్చి, దాని వెనక దూరాన ఉన్న సింహాచలం కొండల నొక్కులో సరిగ్గా కూర్చోవాలి. అప్పుడు మెడ తిప్పి ఉత్తరానికి చూస్తే, ముందున్న కొండ చాటు నుంచి రుషికొండ గుమ్మడికాయంత బయటికి వచ్చి ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరిన చోట రాయి కట్టిన తాడు దించితే దిబ్బ తగులుతుంది.

"గుమ్మడికాయ కన్నా పెద్దదైపోతే దాటిపోయినట్టు. కొబ్బరికాయంతే ఉంటే ఇంకా తెడ్డెయ్యాల," అన్నాడు.

జ్యామితి పుస్తకం ముందేసుకుని మూడు నెలలు కుస్తీ పట్టినా నాకు ఎక్కనిది, ఈ మనిషి కొండలతో, కాయలతో చెప్పేశాడు. నాకు పూనకం వచ్చినంత పనైంది.

ఇలాంటి చోట్లు వాళ్ళలో ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. పక్క తెప్పవాడు సొంత తమ్ముడైనా సరే. తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ ఒడ్డున కాదు, ఆ చోటు మీదే తెప్ప నిలిపి చెబుతాడు. మరి నాకెందుకు చెప్పావంటే నవ్వాడు.

"నువ్వు తెప్పెక్కితే కక్కుకుంటావు బావా. నీకు సెప్తే గోడకి సెప్పినట్టే."

ఆ గోడ ఇంటికెళ్ళి బొమ్మ గీసింది. చేతికి దొరికిన పోర్టు ఫారం వెనకవైపు ఒడ్డు, హార్బరు నోరు, లైట్‌హౌసు, చర్చి, సింహాచలం కొండలు, రుషికొండ వేసి, రెండు గీతలు కలిసే చోట చుక్క పెట్టాను. పక్కన 'గుమ్మడికాయంత' అని రాశాను. మర్నాడు తీసుకెళ్ళి అతనికిచ్చాను. అక్షరం రాని మనిషి, అయినా కొండల్ని వేలితో ఒక్కొక్కటీ గుర్తుపట్టాడు. "మా అయ్య బుర్ర కాయితం మీదకొచ్చేసినాదిరా నాయనా," అని ప్లాస్టిక్ కవరులో చుట్టి పొగాకు సంచిలో దాచుకున్నాడు. నేను గర్వంగా ఇంటికొచ్చాను.

డెబ్భై ఒకటి డిసెంబరులో యుద్ధం వచ్చింది. కిటికీలకి నల్ల కాగితాలు అంటించాం. లారీల హెడ్‌లైట్లకి సగం నల్లరంగు పూశారు. హార్బరు బయట ఏదో పేలి మా వీధిలో పెంకులు అదిరాయి. శత్రువుల జలాంతర్గామి మునిగిందని తర్వాత రేడియో చెప్పింది. టీ బడ్డీ దగ్గర జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆ ఇనుప డబ్బాలో ఉన్నవాళ్ళకి ఇళ్ళ దగ్గర ఎదురుచూసే ఆడవాళ్ళు ఉండరా అన్నాను. "అయితే నువ్వెల్లి దండేసి రా," అన్నాడొకడు. మిగతావాళ్ళు జరిగి కూర్చున్నారు. బావ మాత్రం నా పక్కనే టీ తాగి, "నీట్లో పోయినోడు ఎవుడైనా ఒడ్డుకి తెచ్చేస్తాం మేము. ఏ ఊరని అడగం," అన్నాడు.

ఆ రోజుల్లో మా ఊరికి ఇంకో జబ్బు కూడా పట్టింది. ఎవరిని చూసినా గూఢచారిలాగే కనిపించాడు. గడ్డం పెంచుకున్నవాడు, మేడ మీద బట్టలు ఆరేసేవాడు, అద్దం పట్టుకుని గడ్డం గీసుకునేవాడు. వేట నుంచి తిరిగొచ్చే తెప్పల్ని ఒడ్డునే సోదా చేసేవాళ్ళు. ఒక పొద్దున్న బావ పొగాకు సంచిలో కాగితం దొరికింది. హార్బరు నోరు, లైట్‌హౌసు, సముద్రంలో ఒక చుక్క. మీరే చెప్పండి, ఆ రోజున ఏ పోలీసుకి అది చేపల చోటులా కనిపిస్తుంది?

కబురు తెలిసి డ్యూటీ మధ్యలోనే పరిగెత్తాను. స్టేషను వరండాలో జనంతో పాటు నిలబడ్డాను. లోపల ఇన్‌స్పెక్టరు కాగితం బల్ల మీద పరిచి అడుగుతున్నాడు.

"ఈ గుమ్మడికాయ ఏమిటి?"

"కొండండి బాబూ."

"కొండకి గుమ్మడికాయ అని ఎవడు పేరు పెట్టాడు?"

"పేరు కాదండి. సైజండి."

"దేని సైజు? బాంబుదా?"

వరండాలో ఎవరో నవ్వి, మళ్ళీ నోరు మూసుకున్నారు. ఆ ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పి తీరాలి. జాలరిపేట పెద్దల్ని నలుగుర్ని పిలిపించి ఎదురుగా నిలబెట్టాడు. "ఇది చేపల చోటే అయితే వీళ్ళ ముందు వివరంగా చెప్పు. వీళ్ళు అవునంటే ఇప్పుడే ఇంటికి పంపిస్తాను," అన్నాడు.

బావ ఆ నలుగురి మొహాల వైపు చూశాడు. ఇప్పుడు నోరు విప్పితే రేపు పొద్దున్నే నలుగురి తెప్పలూ ఆ దిబ్బ మీద ఉంటాయి. తండ్రి ఇచ్చింది అదొక్కటే.

"నాకేటీ తెల్దండి. ఆ కాయితం దార్లో దొరికినాది," అన్నాడు.

చెప్పి, గుమ్మం లోంచి నా వైపు చూశాడు. చెప్పొద్దు అన్నట్టు తల అడ్డంగా ఆడించాడు. ఇన్‌స్పెక్టరు కాగితం తిరగేశాడు. "ఇది పోర్టు ఫారం. లోపలివాడు ఎవడో ఇచ్చాడు. వాడు దొరకాలి," అన్నాడు. నా వేళ్ళకి ఇంకా సుద్ద ఉంది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

రుజువు లేదని మూడో రోజు బావని వదిలేశారు. వదిలేసే ముందు అనుమానితుల రిజిస్టరులో పేరెక్కించారు. యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. రిజిస్టరు ముగియలేదు.

జనవరి ఇరవై ఆరుకి కానిస్టేబులు బావ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆగస్టు పదిహేనుకి మళ్ళీ. ప్రత్యేకాంధ్ర గొడవల్లో వారానికోసారి. పొద్దున్న ఏడుకి వెళ్ళాలి, జెండా ఎగిరి, ఉపన్యాసం అయి, పెద్దమనిషి కారు ఊరు దాటాక ఇంటికి రావాలి. బావ భార్య అంబలి ముంత చేతికిచ్చి పంపేది. నన్ను అన్నయ్యా అని పిలిచేది ఆమె.

"మీ బావకి మళ్ళీ పిలుపొచ్చినాది అన్నియ్యా. ఈసారి కుర్సీ ఏసినారో నేదో కనుక్కో," అనేది.

నేను అర్జీలు రాశాను. రాయడం నా చేత అవుతుంది కదా. ఇన్‌స్పెక్టరుకి, ఆయన పై అధికారికి, కలెక్టరుకి, మంత్రులకి. రాజ్యాంగంలో ఏ అధికరణం ఏం చెబుతోందో నంబర్లతో సహా రాశాను. యుద్ధం మనిషి కళ్ళని ఎలా పాడుచేస్తుందో రాశాను. విచారణ లేని శిక్ష ప్రజాస్వామ్యంలో చెల్లదని రాశాను. కొన్ని అర్జీలు పది పేజీలు దాటాయి. ఒక్కదానికీ జవాబు లేదు. ఎమర్జెన్సీలో కొత్త ఇన్‌స్పెక్టరు మనిషిని పంపి, అర్జీలు ఆపితే నా ఉద్యోగానికి మంచిదని చెప్పించాడు. ఆపేశాను. ఇరవై ఒక్క నెలలు ఒక్క ముక్క రాయలేదు. గ్రంథాలయంలో పత్రికలు తిరగేసేవాణ్ణి, అందులోనూ ఏమీ ఉండేది కాదు. ఢిల్లీలో ప్రభుత్వం మారాక టీ బడ్డీ దగ్గర అందరికీ జిలేబీ పెట్టించాను. ఆ కొత్త ప్రభుత్వం మంత్రి మొదటిసారి ఊళ్ళో దిగిన ఉదయం, అదే కానిస్టేబులు అదే గుమ్మం ముందు నిలబడ్డాడు.

ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాక మరీ అన్యాయం. విశాఖకి ఉక్కు కావాలని ఊరేగింపుల్లో గొంతు బొంగురుపోయేలా అరిచినవాణ్ణి నేను. ఉక్కు వచ్చింది, దాంతో పాటు పెద్దమనుషుల రాకపోకలూ పెరిగాయి. వాళ్ళు వచ్చిన ప్రతిసారీ బావకి ఒక రోజు వేట పోయింది. మధ్యలో ఒకసారి బావ భార్య నన్ను నిలబెట్టి అడిగింది.

"ఇన్ని కాయితాలు రాసినావు గదా అన్నియ్యా, ఒక్క కాయితమూ ఆయన్ని ఆడ్నుంచి లేపనేదేటి?"

ప్రభుత్వాన్ని తిట్టి తప్పుకున్నాను.

ఎనభై మూడు మొదట్లో బావ మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ రానివాడు. అరుగు మీద కూర్చున్నాడు. మర బోట్లు అడుగు దాకా వలలు ఈడ్చి దిబ్బంతా గీకేశాయట.

"చర్చీ కుదిరినాది, గుమ్మడికాయా కుదిరినాది. తాడు దించితే బురద. రాళ్ళు కూడా మిగల్నేదు బావా. ఇంకెవులికి దాస్తాను? అంతా రాసేయ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇన్నాళ్ళూ నువ్వు వద్దన్నావనే కదా రాయలేదు," అన్నాను.

అతను పొగాకు నలుపుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు.

"సోటు సెప్పొద్దన్నాను. బొమ్మేసింది నువ్వని సెప్పొద్దన్నానేటి?"

అందులో కోపం లేదు. ఉంటే నేనూ ఎదురు కోపం తెచ్చుకునేవాణ్ణి, అది నాకు బాగా వచ్చిన విద్య.

"తెలుసా నీకు?" అన్నాను.

"సేతులు జేబులో ఎట్టుకున్నప్పుడే సూసినాను. నీకు ఉజ్జోగం ఉంది, నాకు సముద్రం ఉంది, పోన్లే అనుకున్నాను. పన్నెండేళ్ళవుద్దని నానేటి కలగన్నానా?"

ఆ తర్వాత కూడా చాలాసేపు కూర్చున్నాడు. వాళ్ళావిడ కాళ్ళనొప్పుల గురించి, చింతపండు రేటు గురించి మాట్లాడాడు. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. నా అర్జీలన్నీ ట్రంకు పెట్టెలో కార్బన్ కాపీలుగా ఉన్నాయి. అతను వెళ్ళాక తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాను. రాజ్యాంగం ఉంది, నాగరికత ఉంది, ప్రజాస్వామ్యం ఉంది. 'ఆ బొమ్మ నేను గీశాను' అన్న ముక్క ఎక్కడా లేదు. వరండాలో అతన్ని కూర్చోబెట్టింది పోలీసులే. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ లేపగల మాట నా దగ్గర ఉండగా పది పేజీల్లో ఇంకేవేవో రాశాను.

నేను రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. మర్నాడు ఒక పేజీ అర్జీ రాశాను. బొమ్మ గీసింది నేను, ఫారం పోర్టుది, చెయ్యి నాది, అతనికి అక్షరం రాదు. గుమ్మడికాయ అంటే రుషికొండ కనిపించే కొలత. నమ్మకం లేకపోతే ఒక పడవ తీసుకుని మీరే వెళ్ళి చూసుకోండి. దిబ్బ ఉండదు గానీ కొండలు ఉంటాయి. ఇంతే రాశాను. ఒక్క అధికరణం కూడా చేర్చలేదు. నాకది చాలా కష్టమైంది.

జూలై నెలాఖరుకి జవాబు వచ్చింది. నా జీవితంలో ప్రభుత్వం నాకు రాసిన మొదటి ఉత్తరం. దాన్ని పట్టుకుని బావ ఇంటికెళ్ళి ఇద్దరికీ చదివి వినిపించాను. సగం అయ్యేసరికి బావ తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొత్తం అయ్యాక అతని భార్య లేచి లోపలికెళ్ళి, పన్నెండేళ్ళ అంబలి ముంతని బూడిదతో తోమి తెచ్చి, నా పక్కన పెట్టింది. పెట్టాక గానీ నవ్వలేదు. ఆ ఉత్తరంలో ఉన్నది ఇది:

"మీ అర్జీ పరిశీలించడమైనది. మీరు తెలియజేసిన వివరములను బట్టి సదరు జాలరి పేరు అనుమానితుల రిజిస్టరు నుండి తొలగించడమైనది. సదరు పటమును స్వహస్తముతో తయారు చేసినట్లు మీరే అంగీకరించియున్నందున, రాబోవు స్వాతంత్ర్య దినోత్సవము నాడు ఉదయం ఏడు గంటలకు మీరు స్టేషను నందు హాజరు కావలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది."