ఎండలో పెట్టిన సోడా

మొన్న మైదుకూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పిల్లల సైన్సు ప్రదర్శన పెట్టారు. రిటైరైన టీచర్లు ఒకరిద్దరు వచ్చి చూసి నాలుగు మంచి మాటలు చెబితే బాగుంటుందని పిలిస్తే, కడప నుంచి బస్సెక్కి వెళ్ళాను. అక్కడ ఏడో తరగతి ఆడపిల్ల ఒకతి బల్ల మీద పెద్ద ప్లాస్టిక్ సీసాతో కూల్‌డ్రింకు పెట్టుకుని, మూత తీసి, అందులోకి నాలుగు పిప్పర్‌మెంటు బిళ్ళలు ఒక్కసారిగా జారవిడిచింది. నురగ ఆ పిల్ల తలకంటే ఎత్తుకు చిమ్మింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడుతుంటే, పానీయంలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడుకు బిళ్ళ మీది గరుకు ఆసరాగా దొరికిందని, అందుకే బుడగలన్నీ అక్కడ పుట్టి గుంపుగా పైకి వచ్చాయని ఆ పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నేను అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నానట. పక్కనున్న టీచరు భుజం తట్టి, ఏమైందమ్మా అని అడిగేదాకా నాకే తెలియలేదు. ఎండకు కళ్ళు తిరిగాయని చెప్పి కూర్చున్నాను. అది నిజం కాదు. నిజం ఇన్నేళ్ళలో ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

నేను పుట్టింది కోసిగి వైపు. వానలు మొహం చాటేసిన ఏడు ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడేవి. జనం సుగ్గికని, అంటే వలసకూలికని, పిల్లాజెల్లాతో దూరపు ఊళ్ళకు వెళ్ళిపోయేవారు. మా ఇల్లూ అందుకు మినహాయింపు కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు మైదుకూరులో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, మా నాయన ఆ కాగితాన్ని ఊళ్ళో చదువొచ్చిన ప్రతివాళ్ళ చేతా చదివించుకుని విన్నాడు. ఆ ఏడు మొదలు మా వాళ్ళు వలస పోలేదు. ఆ ఉద్యోగం పోతే ఇంటిల్లిపాదీ మళ్ళీ మూట కట్టుకోవాలి. ఆ భయం నా వెంటే బడికి వచ్చేది, నా వెంటే ఇంటికి వచ్చేది.

నేను అద్దెకున్న గది పక్క ఇల్లు గోలీసోడా తయారుచేసే ఒక సాయిబుది. నేను ఆయన్ను అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను టీచరమ్మా అనేవాడు. ఆయన భార్య పొద్దున్నే గోడమీంచి చాయ్ అందించేది. ఉగ్గాని చేసిన రోజు నాకు వంట చేసుకునే పని ఉండేది కాదు. ఒక్కతే కూతురు, పన్నెండేళ్ళది, నా ఏడో తరగతిలోనే చదివేది. ఆ పిల్లకు మార్కులు గొప్పగా వచ్చేవి కావు కానీ, ప్రశ్నలు మాత్రం ఊటలాగా వచ్చేవి. చీమలు వరసలో ఎందుకు పోతాయి, ఎండిన బట్ట ఎందుకు గట్టిపడుతుంది అంటూ బడి నుంచి ఇంటిదాకా నా పక్కనే నడిచేది. జవాబు తెలియనప్పుడు నేను ఏదో చెప్పి దాటేయబోతే పట్టేసేది కూడా.

మన తరం వాళ్ళకు గోలీసోడా గురించి చెప్పనక్కరలేదు. అయితే మనం తాగినవాళ్ళమే కానీ అది ఎలా తయారవుతుందో చూసినవాళ్ళం తక్కువ. ద్రవాల్లో వాయువులు కరుగుతాయన్న పాఠం ఆ ఏడు నేను ఎన్ని రకాలుగా చెప్పినా పిల్లలకు ఎక్కలేదు. ఉప్పు కరుగుతుందంటే ఒప్పుకున్నారు, గాలి కరగడమేమిటని నవ్వారు. చివరికి సిగ్గు విడిచి పక్కింటి అన్నను అడిగాను. మూడో తరగతితో బడి మానేసిన ఆ మనిషి నన్ను మిషను దగ్గర నిలబెట్టి గంటసేపు పాఠం చెప్పాడు. సీసాలో నీళ్ళు పోసి మిషనులో బిగించి, గ్యాసు వదిలి, చక్రం తిప్పుతుంటే సీసాలు తలకిందులవుతూ నీళ్ళూ గ్యాసూ కలిసిపోతాయి. మామూలుగా నీళ్ళు గ్యాసును తమలో ఉండనివ్వవు, బలవంతంగా తోస్తేనే ఒప్పుకుంటాయి. తలకిందులైనప్పుడు గోలీ మూతి దగ్గరికి జారి రబ్బరు చుట్టకు ఆనుకుంటే, లోపలి గ్యాసే దాన్ని బయటికి నెట్టి బిగించేస్తుంది. గ్యాసు తన తలుపు తానే మూసుకుంటుందని ఆయన అన్నప్పుడు, నా డిగ్రీ పుస్తకాల్లో ఇంత తేటగా ఎక్కడా రాసి లేదే అనిపించింది. చల్లని నీళ్ళు గ్యాసును గట్టిగా పట్టుకుంటాయని, వేడెక్కితే వదిలేస్తాయని, అందుకే నింపిన సీసాలను తడి గోనెపట్టాల కింద నీడలో ఉంచుతానని చూపించాడు.

ఇదంతా మా పిల్లలకు మీరే వచ్చి చెప్పాలని బతిమాలాను. ఆ పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, బుట్టలో సీసాలు సర్దుకుని బయలుదేరుతూ, గుమ్మంలో ఆగి ఒక మాట అడిగాడు.

"సీసాలు పగిలేది గూడా చెప్పల్లా టీచరమ్మా?"

ఆయన మిషను తిప్పేటప్పుడు మొహానికి ఇనుపజల్లెడ కట్టుకోవడం నేను చూశాను. అయినా, పిల్లలు బెదిరిపోతారు, ఇక సోడా అంటేనే దూరం జరుగుతారు, వద్దులే అన్నా అన్నాను. ఆయన తల ఊపాడు.

ఆ రోజు లాంటి తరగతి నా ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో మళ్ళీ రాలేదు. చల్లని సీసా ఒకటి, గది వేడిలో ఉంచింది ఒకటి పక్కపక్కన కొట్టి చూపించాడు. చల్లనిది బుసబుసమని ఊరుకుంది. వెచ్చనిది నురగంతా బల్ల మీద కక్కేసి, తాగబోతే చప్పగా ఉంది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. మొదటి బెంచీలో ఆయన కూతురు మా అబ్బ, మా అబ్బ అని పక్కపిల్లల చేతులు గిల్లుతూ కూర్చుంది. గంట కొట్టే వేళకు, ఉత్సాహం ఆపుకోలేక నేను ఒక ప్రశ్న వేశాను. గోలీ నొక్కకుండా సోడాను ఎండలో పెడితే లోపల ఏం జరుగుతుందో ఇంటికెళ్ళి ఆలోచించి రండి, రేపు సరైన జవాబు చెప్పినవాళ్ళ పేరు బోర్డు మీద రాస్తాను అన్నాను. ఆ అన్న అప్పటికే ఖాళీ సీసాలు బుట్టలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఒంటిపూట బడులు మొదలైన రోజులు. ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం తింటుంటే గోడ అవతల టపాసు పేలినట్టు చప్పుడైంది, ఆ వెంటనే తల్లి కేక. పరుగెత్తుకెళ్ళేసరికి ఆ పిల్ల వాకిట్లో బండమీద రెండు చేతుల్లో మొహం దాచుకుని కూర్చుంది, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతోంది. పక్కన గాజుపెంకులు, ఒక నోటుపుస్తకం. అందులో నేనడిగిన ప్రశ్న, దాని కింద ఎంత సేపటికి ఏం కనిపించిందో గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. బుడగలు ఎప్పుడు పుడతాయో చూడాలని మొహం దగ్గరగా పెట్టుకుని కాపలా కూర్చుంది పాపం. తల్లి ఆ పుస్తకం తీసి మూసి చంకలో పెట్టుకోవడం నేను చూశాను.

కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కుడికన్ను దక్కలేదు.

వారం తిరిగాక ఆ అన్న సెలవుచీటీ ఇవ్వడానికి బడికి వచ్చాడు. ఎలా జరిగిందని హెడ్మాస్టరు అడిగారు. నేను అక్కడే హాజరుపట్టీ ముందు నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడకుండా చెప్పాడు.

"ఆడుకుంటా ఎత్తుకుపోయింది సార్. బడికేం సంబంధం లేదు."

అప్పుడు నోరు తెరిచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా నాయన, కోసిగిలో మా ఇంటి తలుపు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. నేను పట్టీలో పేర్లు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి తలుపు తీసి, ఏమీ అనకుండా పక్కకు జరిగి లోపలికి పోయింది. పిల్ల సగం మొహానికి కట్టుతో మంచం మీద పడుకుని ఉంది. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆ పిల్ల వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"టీచర్, ఎండకు గ్యాసు నీళ్ళలో నిలవదు. పైకొచ్చి, పోనీకి దోవ లేక సీసాను తోస్తాది. సరే గదా?"

"సరే తల్లీ" అన్నాను.

"మల్ల బోర్డు మీద నా పేరు రాసినావా?"

రాశానన్నాను. అబద్ధం. మర్నాడు పిల్లలెవరూ రాకముందే వెళ్ళి రాశాను, ఆ పిల్ల చూడలేదు. తర్వాత ఎప్పుడూ బడికి రాలేదు. ఆ అన్న మిషను అమ్మేసి, భార్య పుట్టింటివాళ్ళ ఊరు బద్వేలు వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు నాతో మామూలుగానే మాట్లాడాడు. దాంతో నాకు ఇంకా కష్టంగా ఉండింది.

పదేళ్ళ తరువాత, బదిలీల మీద ఎక్కడెక్కడో తిరిగి, ఒక పెళ్ళికని వస్తూ మైదుకూరు బస్టాండులో ఆమెను చూశాను, ఆ తల్లిని. ఆమే గుర్తుపట్టింది. భర్త పోయాడని, కూతురికి ప్రొద్దుటూరులో పెళ్ళయిందని, వయసు మళ్ళిన రెండో సంబంధమని, మిషను మీద బట్టలు కుడుతుందని చెప్పింది. ఇక ఉండబట్టలేక, ఆ ప్రశ్న ఇంటికి పంపింది నేనేనని, పగిలే సంగతి చెప్పొద్దన్నదీ నేనేనని చెప్పేశాను. ఆమె కొంగు అంచు మడుస్తూ చెప్పింది.

"నాకు తెల్సు. పాప పుస్తకం చూసి ఆయన ఆపొద్దే చెప్పినాడు. ఎవరికీ అనాకు, ఆ యమ్మ మీద ఒక ఇల్లు బతుకుతాండాది అన్నాడు."

కొంగు వదిలేసి, "నేను అనలేదు. కానీ నిన్ను చూస్తే మాట రాలేదు" అంది.

ఆమె బస్సు వచ్చింది. కూతురి చిరునామా అడగడానికి నాకు ధైర్యం చాలలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఇప్పుడు సోడా అంతా ప్లాస్టిక్ సీసాల్లోనే, డబ్బాల్లోనే వస్తోంది. ఎక్కడైనా గోలీసోడా అమ్మినా అది పాత ముచ్చట తీర్చుకోవడానికే. పాఠ్యపుస్తకాల్లో ప్రతి ప్రయోగం కిందా జాగ్రత్తలు రాసి ఉంటాయి, పిల్లలు క్షేమంగా ఉన్నారు, అలాగే ఉండాలి. ఆ తరువాత నేను కూడా జాగ్రత్త నేర్చుకున్నాను. ఆ పాఠం ఏటా చెప్పాను. ప్రమాదం ముందు చెప్పి, సంగతి తరువాత చెప్పాను. గంట కొట్టేలోపే జవాబులన్నీ నేనే చెప్పేసి పంపాను. నా దగ్గర చదివిన పిల్లలకు మంచి మార్కులు వచ్చాయి, ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగలలేదు. కానీ అన్నేళ్ళలో ఏ పిల్లా బడి నుంచి ఇంటిదాకా నా పక్కన నడుస్తూ ఏమీ అడగలేదు.