జిన్‌లో నీళ్ళు

తొంభైల్లో మా హోసూరు ఫ్యాక్టరీ క్లబ్బులో జిన్, నిమ్మరసం కలిపి గిమ్లెట్ చేసిచ్చే అన్న ఒకాయన ఉండేవాడు. కోపమొస్తే మాట్లాడడు, నిమ్మకాయను అరచేతి కింద పెట్టి బల్ల మీద దొర్లిస్తాడు.

ఒకరోజు మేనేజరు, "జిన్‌లో నీళ్ళు కలిపినావురా, దొంగా!" అని గ్లాసులోది ఆయన మొహాన కొట్టాడు. నాతో సహా అందరం మా గ్లాసుల్లోకి తలలు దించుకున్నాం. అన్న మొహం తుడుచుకుని నిమ్మకాయ దొర్లించాడు. ఆ తర్వాత రెండేళ్ళూ దొర్లిస్తూనే ఉన్నాడు.

ఆ మేనేజరుకు ప్రమోషన్ వచ్చింది. పార్టీలో నాలుగు గిమ్లెట్లు తాగి, తూలుతూ, "జిన్ అంటే ఇదిరా!" అని అరిచాడు.

అన్న నిమ్మకాయ పక్కన పెట్టి, అందరికీ వినబడేలా అన్నాడు:

"ఆ పొద్దు నీళ్ళు కలపలేదు సార్. ఈ పొద్దు కలిపినాను. మీ నాలుగు గ్లాసుల్లోనూ జిన్ చుక్క కూడా లేదు."