బుధవారం నాలుగు నుంచి ఆరు దాకా

మా మరదలిని వీధిలో అందరూ టేపమ్మ అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. కూరగాయలు తరిగేటప్పుడు కూడా అది మెడలోనే ఉంటుంది. కోట్లు కుట్టడంలో మా పేట మొత్తంలో ఆమెకు సాటి ఎవరూ లేరు. ఇంటి ముందరి దుకాణంలో ఆమె పక్కన కూర్చుని పదకొండేళ్ళుగా కాజాలు కుట్టేది నేనే కనుక ఈ మాట నేను చెప్పకూడదు. కానీ చెప్తాను. నాకు మొహమాటం తక్కువ, నోరు ఎక్కువ. ఈ కథలో కొంత తప్పు ఆ నోటిదే.

టేపమ్మకు, మా తమ్ముడికి ఒక్కతే కూతురు. తొమ్మిదేళ్ళు. పాదరసం అని పిలుస్తాం. బడి నుంచి వచ్చిందంటే ఒక చెప్పు గుమ్మం దగ్గర, రెండోది కుట్టుమిషను కింద, సంచి మెట్ల మీద. నీళ్ళు తాగుతానని లేస్తుంది. దారిలో బొత్తాల డబ్బా కనబడితే అక్కడే చతికిలబడి రంగులవారీగా ఏరుతుంది. దాహం సంగతి అరగంట తర్వాత గుర్తొస్తుంది. కూర్చోమంటే కూర్చుంటుంది గానీ కాళ్ళు మాత్రం కూర్చోవు. అబద్ధం ఆడదు, ఆడేంత తీరిక దానికి లేదు.

బడివాళ్ళు దాని సంచిలో ఎర్ర అట్ట డైరీ ఒకటి పెట్టారు. టీచరు రోజూ అందులో ఒక ఫిర్యాదు రాస్తుంది, తల్లి రోజూ దాని కింద సంతకం పెట్టాలి. బెంచీ మీద కుదురుగా కూర్చోలేదు. పక్కపిల్ల పెన్సిలు లాక్కుంది. లెక్క సగంలో వదిలేసి కిటికీలోంచి చూసింది. చివర ఎప్పుడూ ఒకటే వాక్యం, 'ఇంట్లో శ్రద్ధ పెట్టగలరు' అని. టేపమ్మ కత్తెర పక్కన పెట్టి సంతకం చేసేది. తర్వాత ఒకరోజు పిల్లను దగ్గరికి తీసుకునేది, ఒకరోజు కసిరేది. ఏ రోజు ఏది చేస్తుందో ఆమెకే తెలిసేది కాదు. మా తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. మంచివాడే. కాకపోతే ఆ డైరీ సంచిలోంచి బయటికి రాగానే ఊళ్ళో ఎక్కడో ఒక లిఫ్టు ఆగిపోయేది.

ఇక నేను. "మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా, గారాబం ఎక్కువైతే ఇంతే" అని రోజుకొకసారైనా అనేదాన్ని. ఆమె నోట్లో గుండుసూదులు ఉండేవి కాబట్టి జవాబు రాలేదనుకునేదాన్ని.

పోయిన ఏడాది పిల్లల డాక్టరమ్మ పాదరసాన్ని మూడుసార్లు చూసి, బడి నుంచి కాగితాలు నింపించి తెప్పించుకుని, ఇది ఏడీహెచ్‌డీ అని చెప్పింది. గారాబంతో వచ్చింది కాదు, దెబ్బలతో పోయేది కాదు. మనసును ఒకచోట నిలపడం ఇలాంటి పిల్లలకు మనకన్నా చాలా కష్టం, అంతే. చేయాల్సిన పనులు కొన్ని చెప్పింది. టేపమ్మ వాటిని కొలతల పుస్తకంలో, ఎవరివో ఛాతీ కొలతలకూ నడుము కొలతలకూ మధ్య రాసుకుంది. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. ఎదురుగా నిలబడి చెప్పాలి. చేయగానే మెచ్చుకోవాలి. ఆరు నెలలు పొల్లుపోకుండా పాటించింది. పిల్ల కొంచెం కుదుటపడింది. తల్లి మాత్రం ఎండలో ఆరేసి మరిచిపోయిన బట్టలా వెలిసిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక లాయరుగారి నల్లకోటు వచ్చింది. కోటు చేతులు కోసేటప్పుడు గుడ్డను మడత పెట్టి ఒకేసారి కోస్తే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తాయి. గుడ్డ విప్పి పరిచి, నమూనా కాగితం తిరగేయకుండా రెండుసార్లు కోస్తే రెండూ ఒకే వైపువి అవుతాయి. పని నేర్చుకునే కొత్తల్లో అందరం ఒకసారి చేసి తిట్లు తిన్న తప్పే అది.

"అమ్మాయ్, మీ లాయరుకి రెండూ ఎడమ చేతులేనా?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. రెండు ముక్కలూ తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. తర్వాత కత్తిరింపుల మధ్య నేల మీద కూర్చుండిపోయింది.

"వదినా, గుడ్డ పరిచింది గుర్తుంది. కోసింది గుర్తులేదు."

కత్తెర పట్టి పదిహేనేళ్ళైన చేయి అది. నాకు భయమేసింది.

ఆ వారం డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళాను. పిల్ల సంగతులన్నీ అయ్యాక డాక్టరమ్మ కలం కింద పెట్టి, "మరి మీరెలా ఉన్నారు?" అంది.

"పాప ఇప్పుడు బానే..."

"పాప గురించి కాదు. మీ గురించి."

టేపమ్మ నావైపు చూసింది, జవాబు నా దగ్గరేమైనా ఉందేమోనని. చివరికి కోటు చేతుల సంగతి చెప్పింది. డాక్టరమ్మ నవ్వకుండా విని, పిల్ల మందుచీటీలోనే అడుగున ఒక వరస రాసింది: తల్లికి, వారానికి రెండు గంటలు, పిల్ల బాధ్యత లేకుండా. "దీన్ని విలాసం అనుకోకండి. మీరు పడిపోతే ఈ పైన రాసినవేవీ నడవవు" అంది.

బయటికొచ్చి బస్సుకోసం నిలబడ్డాం. ఆమె నోట్లో గుండుసూదులు లేవని అప్పుడు గమనించాను.

"వదినా, గారాబం గారాబం అని రోజూ అంటారు కదా. ఇకమీద ఆ మాట నా దగ్గర అనొద్దు. దాని బదులు బుధవారం నాలుగు నుంచి ఆరు దాకా పిల్లని మీరు చూసుకోండి. మాటలు నాకు బోలెడున్నాయి. గంటలే లేవు."

"సరే" అన్నాను, అంతే. ఒక్క మాటతో సరిపెట్టిన సందర్భాలు నా జీవితంలో తక్కువ.

మొదటి బుధవారం ఆమె ఫోను దుకాణం సొరుగులో పెట్టి వెళ్ళిపోయింది. ఆ రెండు గంటల్లో పాదరసం దారపు ఉండ విప్పి నాలుగు కుర్చీలను ఒకదానికొకటి కట్టేసింది, సుద్దతో నా చీర మీద గీతలు పెట్టింది, చీమలకు మోకాళ్ళుంటాయా అని అడిగి నేను నోరు తెరిచేలోపే ఇంకో మూడు ప్రశ్నలు వేసింది. ఒకసారి కసిరాను. దాని ముఖం చిన్నబోయింది. ఆరయ్యేసరికి ఒక్క కాజా పూర్తి కాలేదు. రెండు గంటలకే నా పని ఇలా అయితే, ఆమె తొమ్మిదేళ్ళుగా చేస్తోంది. అన్నేళ్ళూ నేను ఆమెతో అన్న మాటలు ఒక్కొక్కటీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎక్కడికెళ్ళావే?" అన్నాను తిరిగొచ్చాక.

"ఎక్కడికీ లేదు. ఏడో నంబరు బస్సెక్కి ఆ చివరిదాకా వెళ్ళి, అదే బస్సులో వచ్చాను. కిటికీ పక్కన సీటు దొరికింది."

వీధి ఊరుకుంటుందా. పిల్లను వదిలేసి బస్సులో షికార్లట కదా అని ఇస్త్రీ చేసే పెద్దాయన నలుగురిలో అడిగేశాడు. "అవునండీ, వచ్చే బుధవారం కూడా" అంది టేపమ్మ, టేపు సర్దుకుంటూ.

నాలుగో వారం డైరీలో కబురొచ్చింది. హెడ్మిస్ట్రెస్‌తో సమావేశం, బుధవారం నాలుగింటికి. రెండేళ్ళలో మొదటిసారి టేపమ్మ ఆ డైరీలో సంతకం కాక ఇంకేదో రాసింది: 'బుధవారం కుదరదు. గురువారం వస్తాను.'

అది చదివి సూది కింద పెట్టేశాను. "బడివాళ్ళతో పంతమేంటి అమ్మాయ్? పిల్ల పేరు కొట్టేస్తే?"

"నాకూ భయంగానే ఉంది వదినా. కానీ ఈ ఒక్క బుధవారం ఇచ్చేశానంటే ఇక అన్నీ పోయినట్టే."

గురువారం ముగ్గురం వెళ్ళాం. ఊళ్ళో లిఫ్టులన్నీ ఆగిపోయినా రావాల్సిందేనని మా తమ్ముడికి టేపమ్మ ముందే చెప్పి ఉంచింది. హెడ్మిస్ట్రెస్ సంతకం పెట్టమని ఒక కాగితం ముందుకు తోసింది. తల్లి రోజూ మధ్యాహ్నం దాకా క్లాసులో వెనక కూర్చోవాలి, లేకపోతే వచ్చే ఏడాది పిల్లను ఉంచుకోవడం కుదరదు. అంటే దుకాణం మూసుకోవాలన్నమాట. టేపమ్మ దాన్ని రెండుసార్లు చదివింది.

"సంతకాలు నాకు బాగా అలవాటేనండీ. రెండేళ్ళుగా పెడుతున్నాను." ఎర్ర డైరీ తీసి బల్ల మీద పెట్టింది. "ఇందులో మా పిల్ల గురించి ఒక్క మంచి మాట చూపించండి. ఇప్పుడే పెట్టేస్తాను."

హెడ్మిస్ట్రెస్ పేజీలు తిప్పింది. ముందు గబగబా, తర్వాత మెల్లగా. క్లాసు టీచరు తన చేతిగోళ్ళు చూసుకుంటోంది.

టేపమ్మ డైరీ పక్కనే డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం పెట్టింది. "ముందు బెంచీ ఇమ్మన్నారు. ఒకసారికి ఒక్క పని చెప్పమన్నారు. మధ్యలో లేచి తిరిగే పని ఏదైనా ఇమ్మన్నారు. ఇంట్లో నా వంతు నేను చేస్తున్నాను, ఇది మీ వంతు. దుకాణం మూసుకుని మీ క్లాసులో కూర్చుంటే పిల్లేమీ మారదు. నేనే మిగలను."

"కన్నబిడ్డ కోసం ఆ మాత్రం త్యాగం చేయలేరా?"

నేను నోరు తెరిచాను. అంతకుముందే మా తమ్ముడు మాట్లాడాడు. "చాలా చేసిందండీ. ఇక చెయ్యదు" అన్నాడు. అంత సేపట్లో వాడు అన్నది అదొక్కటే.

హెడ్మిస్ట్రెస్ తప్పు ఒప్పుకోలేదు, ఒప్పుకునే మనిషీ కాదు. ఆలోచించి చెప్తాను అని కాగితం సొరుగులో వేసుకుంది. వరండాలో క్లాసు టీచరు మా వెనకే వచ్చి, రేపటినుంచి ముందు బెంచీ ఇస్తానని గొంతు తగ్గించి చెప్పింది. వచ్చే ఏడాది సంగతి ఇప్పటికీ తేలలేదు.

నిన్న బుధవారం. ఈసారి టేపమ్మ ఫోనుతో పాటు టేపు కూడా వదిలి వెళ్ళింది. పాదరసం దాన్ని మెడలో వేసుకుని మిషను కాళ్ళు కొలుస్తోంది. నాలుగూ ఇరవైకి సొరుగులో ఫోను మోగింది. హెడ్మిస్ట్రెస్.

"పాప వాళ్ళమ్మగారిని పిలుస్తారా?"

"లేదండీ. బస్సులో ఉంది."

"ఇప్పుడే మాట్లాడాలి. ముఖ్యమైన విషయం."

"పిల్ల నా కళ్ళెదురుగా క్షేమంగా ఉంది. అంతకంటే ముఖ్యమైనదేదైనా రేపు చెప్పండి."

"ఇంతకీ మీరెవరు?"

"దాని మేనత్తని. పెంపకం గురించైతే నన్నే అనండి. ఆరయ్యేదాకా పెంచేది నేనే."