ఊటనీటి రంగు

ఈ ఉదయం ఐదూ నలభైకి సెక్టర్ 6లోని మా క్వార్టర్లో కుళాయి వచ్చింది. నిన్న ఎక్కడో పైపు మార్చినట్టున్నారు, మొదటి నీళ్లు మసకగా ఉన్నాయి. గ్లాసు పట్టి, వెనక తెల్ల కాగితం ఆనించి చూస్తూ నిలబడిపోయాను. ఆ కాగితం ఎప్పుడు చేతిలోకి తీసుకున్నానో గుర్తులేదు. నీళ్లలోంచి తడిమట్టి వాసన వచ్చింది. సింహాచలం గారు పోయి నలభై రోజులైంది.

ఆయన ఇక్కడి ఉక్కు ప్లాంటు నీటిసరఫరా విభాగంలో సూపర్‌వైజరుగా రిటైరయ్యాక, చెరువుకట్టలు తనిఖీ చేసే ఒక చిన్న సంస్థలో చేరారు. సివిల్ డిప్లొమా అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే, ఆయన కింద. మా వీధి మనిషే కనుక బాబాయి గారూ అని పిలిచేదాన్ని. ఉతై అనే ఊరు దాటాక జోగారావు అనే కాంట్రాక్టరుకి సొంత మట్టికట్ట ఒకటి ఉంది. వాననీరు నిలిపి చేపలు పెంచేవారు. దిగువన ఇరవై ఇళ్లు. వానాకాలంలో మేం వారానికోసారి వెళ్లేవాళ్లం. చెరువు నిండాక కట్టకి మూడు మాటల్లో ఒకటి రాయాలి: భద్రం, మరమ్మతు అవసరం, ప్రమాదం. మొదటి మాట రాస్తేనే అంత నీరూ నిలవ ఉంచనిచ్చేవారు.

ఆ ఉదయాలు నిజంగా మెలకువలోనే గడిచాయా అనిపిస్తుంది ఇప్పుడు. నీటిమీద తెల్లటి ఆవిరి. అవతలి గట్టు ఉందో లేదో తెలిసేది కాదు. ఆయన కట్ట దిగువ అంచున చెప్పులు విడిచి, ఒక అడుగు వేసి ఆగేవారు, మళ్లీ ఒక అడుగు. తడి కంటికన్నా ముందు పాదానికి తెలుస్తుందని ఆయన నమ్మకం. గడ్డిమీద ఆయన పాదాలు తప్ప నాకేమీ కనిపించేవి కావు. కట్టమీద మేకలు కాసే ఫూల్‌బతీ దీదీ పైనుంచి అడిగేది.

"కా ఖోజత్ హవ బాబూజీ?"

ఏం వెతుకుతున్నారని.

"కుఛ్ నహీ దీదీ. దొరక్కపోతేనే అచ్ఛా," అనేవారాయన, సగం హిందీ, సగం తెలుగు. ఆమెకు అర్థమయ్యేది. దొరకనిదాని కోసం వారం వారం వచ్చే పిచ్చివాడని మేకలకి చెప్పి నవ్వేది.

కట్ట అడుగున ఒకచోట సన్నగా ఊట ఉండేది. ఆ నీటిని గాజుసీసాలో పట్టి, తెల్ల కాగితం ముందు ఎత్తి చూడాలి. తేటగా ఉంటే వచ్చేది నీరొక్కటే. మసకగా ఉంటే, నీరు లోపలినుంచి కట్టను రేణువు రేణువుగా మోసుకొస్తోందన్నమాట.

రెండో ఏడు, ముసురు పట్టిన ఒక రోజు ఆయనకు జ్వరమొచ్చి నన్నొక్కదాన్నే పంపారు. దిగువకి వాలు జారుతోంది. దిగకుండానే "తేట" అని రాసుకొచ్చాను. ఆయన కాగితం చూడలేదు, నా కాళ్లవైపు చూశారు.

"ఏటమ్మా, కిందికి దిగావా?"

"ఎప్పుడూ తేటగానే ఉంటుంది కదా, బాబాయి గారూ."

"నేనడిగింది అది కాదు."

జ్వరంతోనే స్కూటరు తీశారు. వానలో ఇద్దరం వెళ్లాం. సీసాలో నీరు తేటగానే ఉంది. చెప్పాను కదా అన్నాను, కొంచెం పొగరుగానే.

"ఈయాల తేటగున్నాదని ఇప్పుడు తెలిసింది. పొద్దున్న నీకేటి తెలుసు? అది కొట్టేసి మళ్లీ రాయి."

అదే మాట మళ్లీ రాశాను.

మూడో ఏడు, దసరాకి ముందు, చెరువు అంచుదాకా నిండి ఉండగా, నీరు మసకగా వచ్చింది. మూడు రోజులు వరసగా పట్టాం. సీసాను కదపకుండా ఉంచితే అడుగున పలచటి మట్టిపొర పేరుకుంది. మూడోరోజు సాయంత్రం జోగారావు గారు సింహాచలం గారి ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ఇద్దరిదీ బొబ్బిలి దగ్గర ఒకే ఊరు. ఒకే రైల్లో ఇక్కడికొచ్చినవాళ్లు.

"నెల్లాళ్లు ఆగి రాయి బావా. చేపలు పట్టేసుకుంటాను."

"ఆ నెల్లాళ్లూ ఆగమని కట్టకి సెప్పగలవేటి?"

"ఇన్నేళ్లు నిలబడ్డాది. ఇప్పుడేటైపోద్ది?"

"ఏటీ అవకపోవచ్చు."

"మరింకేటి?"

"మసకగున్నాదిరా. నేను సూసాను."

జోగారావు గారు నావైపు తిరిగారు. "నువ్వైనా సెప్పమ్మా మీ బాబాయికి."

"మసకగానే ఉందండీ," అన్నాను.

ఆయన టీ ముట్టకుండా లేచి వెళ్లిపోయారు. సింహాచలం గారు "ప్రమాదం" అని రాసి, ఆ చల్లారిన టీ తానే తాగారు. తూము తెరిచి రోజుల తరబడి నీరు వదిలారు. చేపలు చాలా పోయాయి. సింహాచలం గారు ఉన్నన్నాళ్లూ జోగారావు గారు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

కట్ట తెగలేదు. నీరు లేని కట్ట తెగదు. కనుక ఆయన రాసింది ఒప్పో తప్పో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఒకసారి అడిగాను, మనం పొరబడి ఉంటే అని.

"పొరబడి ఉండొచ్చు," అన్నారు. చెప్పులు తొడుక్కుంటూ, "ఫూల్‌బతి మేకల్ని మేపుకుంటున్నాది కదా," అన్నారు.

ఆయన పోయిన పదో రోజున జోగారావు గారు ఆ ఇంటికి వచ్చారు. గంటసేపు కూర్చుని వెళ్లారు.

ఈ ఉదయం రెండో గ్లాసు తేటగా వచ్చింది. మూడోది కూడా పట్టి చూశాను. నేనిప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను, కానీ చూడనిదాన్ని కాగితంమీద పెట్టాల్సి వస్తే చెయ్యి ఇప్పటికీ ఆగుతుంది.

చెరువు నీరు వదిలేసిన మరుసటి వేసవిలోనే కట్ట అడుగున ఇసుక, కంకర పరిచి ఊటను గొట్టంలోకి మళ్లించారు. ఇప్పుడు ఎంత నీరు వస్తోందో, ఎంత మసకగా ఉందో గొట్టానికి పెట్టిన మీటరు నుంచి ఫోన్లోనే తెలుస్తుంది. మంచి ఏర్పాటే, సింహాచలం గారు కోరింది కూడా అదే. కట్ట దిగువన చెప్పులు విడిచి ఇప్పుడు ఎవరూ నడవడం లేదు.