తాత కాళ్ళ దగ్గర

“అక్కడ కూర్చోకు తల్లీ, కాళ్ళున్నాయి, చూసుకో.”

గబుక్కున లేచాను. దుమ్ము కమ్మిన సిమెంటు దిమ్మె అది. చేత్తో తుడిచి చూస్తే నిజంగానే రెండు పాదాలున్నాయి. చెప్పులు తొడుక్కున్న పాదాలు. చీలమండల దగ్గర రంపంతో కోసేసినట్టు ఆగిపోయాయి. కోసిన చోట ఇనుప చువ్వలు పైకి పొడుచుకొచ్చి తుప్పు పట్టాయి.

“మనిషిని పట్టుకుపోయి కాళ్ళు వదిలేశారు. క్రేను మీద వెళ్ళేవాడికి కాళ్ళతో పనేముంది?” అంది, దిమ్మెకి అటువైపు కూర్చున్న పెద్దావిడ. నవ్వించడానికి అన్న మాటే. ఆవిడ మాత్రం నవ్వలేదు.

నేను వచ్చింది ఆ మనిషిని చూడ్డానికే. పిల్లల తాత అని అందరూ పిలుచుకునే కవి. అన్నానికి మారాం చేసే పిల్లలకీ, నిద్రపోకుండా సతాయించే పిల్లలకీ మా ఇంట్లో ఆయన పాటలే మందు. ఈ కూడలిలో ఆయన విగ్రహం ఉందని చిన్నప్పుడే విన్నాను. తీరా వస్తే చుట్టూ రేకుల కంచె, పైవంతెన కోసం తవ్విన గుంతలు, మధ్యలో ఈ దిమ్మె. విగ్రహాన్ని నీళ్ళ ట్యాంకు పక్కనున్న పార్కులోకి మార్చారని ఆవిడే చెప్పింది. అక్కడ పూలమొక్కల మధ్య నిలబెట్టారట. మొక్కలు గుబురుగా ఉండటం వల్ల కాళ్ళు లేవన్న సంగతి ఎవరికీ తెలియదట.

“నాటారు తల్లీ ఆయన్ని, నారు నాటినట్టు.”

మరి మీరు అక్కడికి వెళ్ళకుండా ఇక్కడెందుకు కూర్చున్నారని అడిగాను. అదే పేచీ అంది. ఒళ్ళో ఉన్న తువ్వాలు విప్పి, దులిపి, మళ్ళీ నాలుగు మూలలూ కలిపి మడత పెట్టుకుంది. నేను నిలబడే ఉన్నానని గమనించి పాదాలకి ఇవతల చోటు చూపించింది. కూర్చున్నాను.

ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతుంది. ఉతికిన దుప్పటి వేడి రోలరు కిందనుంచి పొగలు కక్కుతూ బయటికొస్తుంది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని, ఒకరి మీదికి ఒకరు నడుచుకుంటూ వచ్చి మూలలు కలపాలి. ఆవిడ జతమనిషి రిటైరయ్యాక ఆ చోట్లో ఎవర్నీ వెయ్యలేదు. అప్పట్నుంచి దుప్పటి మధ్యభాగాన్ని గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ బార చాపి, ఒక్కతే మడుస్తోంది. గడ్డం కింద చర్మం కాయలు కాచి నల్లబడింది. అది చూసి జనం ఏదో జబ్బనుకుంటారట.

లాండ్రీలో అందరూ ఆవిడని మడతపేచీ అంటారు. ఆ పేరు పెట్టింది సూపర్‌వైజరు. మడతలు పెడుతుందని సగం, మాట దొరికితే పట్టుకుని వదలదని సగం. ఒకసారి ఆయన, ఆ బట్టల సంగతి కాస్త చూడు అన్నాడట. సాయంత్రం వచ్చి అడిగితే, చూశానండీ, తడిగానే ఉన్నాయి అందట.

“చూడమంటే చూశాను. ఆరెయ్యమంటే ఆరేసేదాన్ని కదా? మాటంటే మాటే.”

భర్త తొందరగా పోయాడు. ఒక్కడే కొడుకు. బడి లేని రోజు వాణ్ణి వెంటబెట్టుకుని పనిలోకి వెళ్ళేది. అప్పటికే దుప్పట్లంటే వాడికి ఆట. బోర్లించిన బకెట్టు ఎక్కి రెండో కొస పట్టుకునేవాడు. వాడు దగ్గరికి నడిచి రావాలంటే బకెట్టు దిగాలి, దిగితే దుప్పటి నేలకి తగులుతుంది. అందుకని నడకంతా ఆవిడదే.

పని దిగాక ఇల్లు చేరాలంటే ఈ కూడలిలో బస్సు మారాలి. సాయంత్రం ఇక్కడ మనిషి మీద మనిషి. అందుకని వాడికి ఒక మాట నేర్పింది. నేను కనబడకపోతే ఎటూ పరిగెత్తకు, తాత కాళ్ళ దగ్గరికొచ్చి నిలబడు, నేనే వస్తా అని. నేర్పిన కొద్ది రోజులకే ఆ అవసరం పడింది. బస్సు దిగిన తోపులాటలో చెయ్యి జారింది. పరిగెత్తుకొస్తే, వాడు తాత చీలమండలు రెండూ కావిలించుకుని, కింద చెక్కిన అక్షరాలు కూడబలుక్కుంటున్నాడు. ఏడుపూ లేదు, ఏమీ లేదు.

ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి. దిమ్మె ముందువైపు దుమ్ము గీకి నాకు చూపించింది. చెక్కినవాడికి చోటు చాలక మాటని మధ్యలో విరిచాడు. పై వరసలో ‘తోవ మరచిన తేనెటీ’. కింది వరసలో ‘గా పువ్వు పువ్వును అడిగిపో’. పిల్లవాడు ఉన్నది ఉన్నట్టు చదివాడు.

“అమ్మా, తాతకి తేనె టీ ఇచ్చారంట. గా పువ్వంటే ఏ పువ్వే, అని అడిగాడు. నేనేమన్నా చదువుకున్నానా? ఉంటుందిలే ఒక పువ్వు అన్నాను.”

తర్వాతెప్పుడో బడిలో పంతులమ్మ సరిచేసింది. అయినా ఇంట్లో ఆ మాట అలాగే ఉండిపోయింది. వాళ్ళిద్దరికీ టీ అంటే తేనె టీయే. పేరు తెలియని ప్రతి పువ్వూ గా పువ్వే.

పెద్దవాడయ్యాక అదే లాండ్రీలో రోలరు దగ్గర పనికి చేరాడు. కొన్నాళ్ళు బాగానే చేశాడు. తర్వాత రోలరు నా పేరు పెట్టి పిలుస్తోందమ్మా అన్నాడు. ఆవిడ ముందు నవ్వింది. ఆపైన బస్సు పిలిచిందన్నాడు, కుళాయి పిలిచిందన్నాడు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చెవులు మూసుకుని పక్కకి తప్పుకునేవాడు. ఆవిడ వాణ్ణి పేరుతో పిలవడం మానేసి ‘ఏరా’తో సరిపెట్టుకుంది. అదే ఆసుపత్రిలో చూపించింది. మందులతో నిద్ర పెరిగింది. పిలుపులు మాత్రం పూర్తిగా తగ్గలేదు.

ఆఖరుసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి మందుల వరసలో నిలబడబోతూ, పరాచికానికి, తప్పిపోతే ఎక్కడికి రావాలో తెలుసుగా అని అడిగింది. గడ్డం పెరిగిన మనిషి, చిన్నపిల్లాడిలా తలూపాడు. తాత కాళ్ళ దగ్గరికి అన్నాడు. మందులు తీసుకుని తిరిగి చూస్తే బెంచీ మీద వాడి తువ్వాలొక్కటే ఉంది. నాలుగు మూలలూ కలిపిన మడత, ఆవిడ నేర్పిందే.

ఇప్పుడు ఒళ్ళో ఉన్నది అదేనా అని నేను అడగలేదు.

ఇది జరిగి రెండు వానాకాలాలు దాటాయి. పోలీసులు రాసుకున్నారు. పెద్దవాడు కదా, వాడే వస్తాడమ్మా అన్నారు. అప్పట్నుంచి పని దిగితే ఇక్కడికే, సెలవు దొరికితే ఇక్కడికే. నడుమ మార్చురీ నుంచి పిలుపొచ్చింది, ఎవరో తెలియని మనిషి ఉన్నాడు, వచ్చి చూసుకోమని. వెళ్ళింది. మీద కప్పిన దుప్పటి చూడగానే అది తను మడిచిందేనని పోల్చుకుంది. మూల ఎత్తి చూసింది. వాడు కాదు. మళ్ళీ కప్పి అంచు సరిచేసింది.

“కాదని తెలిశాక సంతోషం రావాలి కదా తల్లీ. రాలేదు. అయ్యో, ఇంకా వెతుక్కోవాలా అనిపించింది. తల్లికి రావాల్సిన మాటేనా అది?”

జవాబు కోసం చూడకుండా ఆవిడ కోసిన పాదాల వైపు చెయ్యి చూపించింది.

అలాంటి రోజుల్లోనే, ఆవిడ పనిలో ఉండగా, తాతని ఎత్తుకుపోయారు. కాళ్ళు దిమ్మెతో కలిపి పోత పోసినవి కావడంతో ఊడి రాలేదు, మిషనుతో కోసేశారు. కొన్నాళ్ళు ఆవిడ ఒక పూట పార్కులో, ఒక పూట ఇక్కడ కూర్చుంది. అక్కడుంటే ఇక్కడికొచ్చి వెళ్ళిపోయాడేమోనని, ఇక్కడుంటే అక్కడ వెతుక్కుంటున్నాడేమోనని మనసు ఒక్కచోట నిలిచేది కాదు. చివరికి తనలో తనే పేచీ పెట్టుకుని తేల్చుకుంది.

“నేను తాత దగ్గర నిలబడమనలేదు. తాత కాళ్ళ దగ్గర అన్నాను. వాడు నా కొడుకు, చెప్పిన మాటే పట్టుకుంటాడు. కాళ్ళు ఎక్కడుంటే అక్కడే.”

ఆ తీర్పూ రేపటిదాకానే చెల్లుతుంది. రేపు పొద్దున్నే దిమ్మె పగలగొడతారు. వంతెన స్తంభం ఇక్కడే పడాలి. మేస్త్రీ మంచివాడే, కావాలంటే కాళ్ళు విడిగా తీసి ఇస్తా, ఇంటికి పట్టుకుపో అన్నాడట. ఇంట్లో పెట్టుకుంటే వాడికెలా తెలుస్తుందని ఆవిడ నన్నే అడిగింది, నేనే మేస్త్రీనైనట్టు. కంచె అవతల పసుపురంగు మిషను ఒకటి అప్పటికే వచ్చి ఆగి ఉంది.

వస్తాడులెండి అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“అలా అనకు. అందరూ అదే అంటారు. వస్తాడని నేనే అనుకోవడం లేదు, నిజం చెప్తున్నా. వస్తే మాత్రం నేను లేకుండా ఉండకూడదు, అంతే. రేపట్నుంచి ఎక్కడ ఉండాలో నాకు తెలియదు.”

తువ్వాలు మళ్ళీ విప్పింది. ఈసారి ఒక కొస నాకు అందించింది. పట్టుకున్నాను. ఇద్దరం మూలలు కలిపాం. మడత సరిగ్గా రాలేదు. ఆవిడ సరిచెయ్యలేదు, అలాగే ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు పాదాల వంక చూసి, నువ్వు తాతని చూడ్డానికే కదా వచ్చావు అంది. అవునన్నాను.

“అయితే పార్కుకి వెళ్ళు. ఇవాళ నేను ఇక్కడ్నించి లేవలేను. గేటు మూసేదాకా ఆ మొక్కల దగ్గర కూర్చో. మావాడు పొడుగ్గా ఉంటాడు, మెడ కాస్త ఎడమకి వాలుస్తాడు. పేరు పెట్టి పిలవకు, పారిపోతాడు. పేరు నీకు చెప్పను కూడా చెప్పను. దగ్గరికెళ్ళి, తేనె టీ తాగుదామా అని అడుగు. చాలు. వాడైతే తిరిగి చూస్తాడు, అప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకురా. కాళ్ళు ఇవాళ్టికి ఇక్కడే ఉన్నాయని చెప్పు. రాకపోతే, తల్లీ, రాలేదని చెప్పడానికి మాత్రం నువ్వు మళ్ళీ ఇటు రాకు.”